ఎస్ఎంపీఎస్‌లో రిపుల్ తగ్గించాక ఇన్నేళ్ల వాడకం

నా కంప్యూటర్‌లో ఉన్నది 550 వాట్ల ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన తక్కువ వోల్ట్ల డీసీగా మార్చి ఇచ్చే పెట్టె. లోపలి కెపాసిటర్లు మార్పించి రిపుల్ (బయటికొచ్చే వోల్టేజీ మీద మిగిలే చిన్న అల) తగ్గించాక కొన్నేళ్లుగా రోజూ దాన్నే వాడుతున్నాను. ఇల్లు విశాఖపట్నం పెదవాల్తేరులో, సముద్రపు గాలి నేరుగా తగిలే వైపు. ఇంట్లోనే మైకు పెట్టి పాఠాలు, పాటలు రికార్డ్ చేసి ఎడిట్ చేయడం నా పని. అందుకే కంప్యూటర్ ఆన్ అయితే చాలనుకుంటే నాకు కుదరదు. ఇన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం ఇది: పెట్టె డిజైన్ మంచిదైతే ఈ పని తప్పకుండా చేయించండి. డిజైనే నాసిరకమైతే దాని మీద రూపాయి కూడా ఖర్చు పెట్టొద్దు.

మార్పించక ముందు, లోపం మొదట హెడ్‌ఫోన్లలో వినిపించింది. రెండరింగ్ మొదలవగానే మైకు లైనులో సన్నగా గీమని శబ్దం. గ్రాఫిక్స్ కార్డు మీద పని పెరిగేకొద్దీ ఆ శబ్దం స్థాయి మారేది. తర్వాత పని మధ్యలో కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవడం మొదలైంది. రికార్డింగ్ మధ్యలో ఆగిపోతుందేమోనని ఒకటే టెన్షన్. లైన్ కరెంటు బాలేదు, స్టెబిలైజర్ పెట్టమని చాలామంది చెప్పారు. మల్టీమీటర్ పెడితే 12 వోల్ట్ల లైను చక్కగా 12.1 చూపించేది. మల్టీమీటర్ చూపేది సగటు మాత్రమే. ఆ సగటు మీద సెకనుకు వేలసార్లు ఎగిరిపడే అల అందులో కనబడదు. దానికి స్కోపు, అంటే వోల్టేజీ అలని తెర మీద గీసి చూపే ఆసిలోస్కోప్ కావాలి.

డాబాగార్డెన్స్ వైపు టీవీలు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గర స్కోపు ఉంది. ఆయన కొలిచే పద్ధతి నాకు బాగా నచ్చింది. స్కోపు బ్యాండ్‌విడ్త్ 20 మెగాహెర్ట్జ్‌కి కుదించారు. కొలిచే చోట 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు పక్కపక్కన పెట్టారు. ప్రోబ్‌కి ఉండే పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి చిన్న స్ప్రింగ్ తగిలించారు. ఆ పొడవాటి వైరు గాల్లోని నాయిస్‌ని కూడా పట్టుకుంటుంది. అప్పుడు లేని రిపుల్ ఉన్నట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ పవర్ సప్లైలకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం రిపుల్ 12 వోల్ట్ల లైను మీద 120 మిల్లీవోల్ట్లు, 5, 3.3 వోల్ట్ల లైన్ల మీద 50 మిల్లీవోల్ట్లు దాటకూడదు. పూర్తి లోడు మీద నాది 12లో 150 దాటింది, 5లో 70 దగ్గర ఉంది.

ఆ అల ఏ ఫ్రీక్వెన్సీలో ఉందన్నది చాలా ముఖ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్. రెక్టిఫై అయ్యాక, అంటే ఏసీ డీసీగా మారాక, 100 హెర్ట్జ్ అల మిగులుతుంది. స్కోపులో అది పెద్దగా కనిపిస్తే ముందు ప్రైమరీ వైపు, అంటే గోడ కరెంటు వచ్చే వైపు, పెద్ద కెపాసిటర్‌ని అనుమానించాలి. మాకు కనిపించింది పదుల కిలోహెర్ట్జ్ అల, అంటే సప్లై లోపల కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచింగ్‌ది. గోడలోంచి వచ్చే కరెంటుకి దీనితో సంబంధం లేదు, స్టెబిలైజర్ పెట్టినా అది పోదు.

అవుట్‌పుట్ వైపు కాయిల్, కెపాసిటర్లు కలిసి ఆ అలని అణచాలి. కెపాసిటర్ లోపలి ద్రవం ఎండేకొద్దీ దాని అంతర్గత నిరోధం, అంటే ఈఎస్ఆర్, పెరుగుతుంది. కాయిల్ నుంచి వచ్చే కరెంటు అల 5 ఆంపియర్లు అనుకుందాం. ఈఎస్ఆర్ 0.01 ఓమ్ ఉంటే రిపుల్ 50 మిల్లీవోల్ట్లు. అదే 0.03కి పెరిగితే 150. అందుకే ఎక్కువ మైక్రోఫారడ్లు ఉన్నది వేస్తే సరిపోతుందన్న మాట నేను నమ్మను. చూడాల్సింది ఈఎస్ఆర్, రిపుల్ కరెంటు రేటింగ్, 105 డిగ్రీల దాకా తట్టుకుంటుందన్న గుర్తు. వేడి 10 డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది కాబట్టి 85 డిగ్రీలవి మన ఊరి వేసవికి పనికిరావు.

"ఏటి బాబూ, పైన ఉబ్బినవే మార్చమంటావా? పక్కనున్నవీ అదే వేడి తిన్నాయి కదా," అన్నారు ఆ పెద్దాయన. అవుట్‌పుట్ వైపువన్నీ మార్చాం. 12కి 16 వోల్ట్లవి, 5కి 10 వోల్ట్లవి, వ్యాసం, ఎత్తు సరిపోయే జపాన్ కంపెనీల లో ఈఎస్ఆర్ రకం. ఈఎస్ఆర్ ఇంకా తక్కువుండే పాలిమర్ రకం వేద్దామని నేను అడిగితే ఆయన వద్దన్నారు. పాత సర్క్యూట్లలో ఫీడ్‌బ్యాక్‌ని, అంటే అవుట్‌పుట్‌ని చూసి వోల్టేజీ సరిచేసే భాగాన్ని, కెపాసిటర్ల ఈఎస్ఆర్‌ని లెక్కలోకి తీసుకునే కుదురుస్తారు. అది మరీ తగ్గిపోతే సప్లై ఊగిసలాడవచ్చు. ఈ ఒక్క సలహాకే ఆయనకి ఎంతో రుణపడి ఉన్నాను.

మార్చాక 12లో 40, 5లో 20 మిల్లీవోల్ట్ల దగ్గర ఆగింది. మైకు లైనులో శబ్దం పోయింది, రీస్టార్ట్‌లు మళ్లీ రాలేదు. ప్రాసెసర్‌కి ఈ 12 వోల్ట్లు నేరుగా వెళ్లవు, మదర్‌బోర్డు వాటిని ఒక వోల్టు దగ్గరికి దించి ఇస్తుంది. అయినా రిపుల్ ఎక్కువైతే ఆ బోర్డు మీది కెపాసిటర్లు వేడెక్కి అరుగుతాయి. మదర్‌బోర్డు ఇంకా ఆరోగ్యంగా ఉండటంలో దీనికి వాటా ఉందని నా గట్టి నమ్మకం.

పెట్టె ఇంట్లో విప్పాలనుకునేవాళ్లకి ఒక గట్టి హెచ్చరిక. ప్లగ్గు తీసినా ప్రైమరీ కెపాసిటర్‌లో 325 వోల్ట్లు, యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే సర్క్యూట్) ఉంటే 380 దాకా నిలిచి ఉండవచ్చు. ప్రాణం తీయడానికి అది చాలు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. రెసిస్టర్ ద్వారా డిశ్చార్జ్ చేసి, మీటరు పెట్టి చూసి, అప్పుడు చెయ్యి పెట్టాలి. అలవాటు లేకపోతే తెలిసినవాళ్లకి ఇవ్వండి.

లోపల ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన చోట ఉత్త తీగ ముక్క అతికించి ఉంటే, ఆ పెట్టెని బాగుచేయించకుండా కొత్తది కొనండి. కొనేటప్పుడు వాట్లు మాత్రమే చూడకుండా రిపుల్ కొలిచి చూపించిన పరీక్షలు చదవండి. కొన్ని ఖరీదైన వాటిలో కేబుళ్లలోనే కెపాసిటర్లు పెడతారు. రిపుల్ తగ్గుతుంది గానీ ఆ కేబుళ్లు బిరుసుగా ఉండి చిన్న క్యాబినెట్‌లో వంగవు.

మన ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ బెడద ఉప్పుగాలి, తేమ. దుమ్ము తేమని పట్టి బోర్డు మీద అట్టకడుతుంది, ఫ్యాను మందగిస్తుంది, కెపాసిటర్లు మళ్లీ వేడెక్కుతాయి. కిటికీకి దూరంగా జరిపి, వేసవికి ముందూ వానల తర్వాతా దుమ్ము ఊదిస్తున్నాను. ఈ మధ్య మళ్లీ స్కోపు పెట్టిస్తే 12లో 50 లోపే ఉంది. స్టాండ్‌బై సర్క్యూట్‌లోని చిన్న కెపాసిటర్ మాత్రం బలహీనపడింది. కంప్యూటర్ ఆపినా ప్లగ్గులో ఉన్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని మార్పించాను, ఇప్పుడు రాత్రిళ్లు గోడ స్విచ్ కూడా ఆపేస్తున్నాను.