నాలుగేళ్లు వాడిన ఫార్మల్ షూ: తోలు నిలిచింది, సోల్ పొడైపోయింది

నేను మెడికల్ రెప్‌ని. విశాఖపట్నంలో మహారాణిపేట, రామ్‌నగర్, కేజీహెచ్ (మా ఊరి పెద్ద ప్రభుత్వాసుపత్రి) చుట్టుపక్కల రోజుకి ఎనిమిది, పది కిలోమీటర్లు నడుస్తాను. బండి ఒకచోట పెట్టేశాక మిగతాదంతా కాళ్ల మీదే. కేజీహెచ్ వైపు ఎక్కుడు, దిగుడు అందరికీ తెలిసిందే. నాలుగేళ్ల కిందట పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. అప్పుడు కొన్నాను ఈ నల్ల లేసుల జత. రెండు నెలల్లో నొప్పి తగ్గింది. ఆ మెత్తటి సోల్ మహిమేనని తోటి రెప్‌లందరికీ చెప్పాను. ఇద్దరి చేత కొనిపించాను కూడా.

మధ్యలో పది నెలలు ఆఫీసు పని పడింది. జతను డబ్బాలో పెట్టి మంచం కిందకి తోసేశాను. మళ్లీ ఫీల్డ్‌కి వచ్చిన మొదటి రోజే, కేజీహెచ్ వైపు ఎక్కుతుంటే ఎడమ కాలు ఒక పక్కకి ఒరిగినట్టయింది. వెనక్కి చూస్తే మెట్ల మీద నల్లటి ముక్కలు. సోల్‌ని బొటనవేలితో నొక్కితే తడి బెల్లంలోకి దిగినట్టు దిగిపోయింది. పై తోలు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. డాక్టరు గారి అపాయింట్‌మెంట్ ఇరవై నిమిషాల్లో ఉంది. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన చూడగానే అడిగారు. "ఎన్నాళ్లు మూల పెట్టేసేరు బాబూ? ఇది పీయూ సోలు. మన సముద్రం గాలికి లోపల్నుంచి పుచ్చిపోద్ది."

ఆయన మాట నిజం. పీయూ అంటే పాలియురేతేన్. గాలిలో తేమ చేరి దాన్ని నెమ్మదిగా విరగ్గొడుతుంది. వేడి, ఉక్క ఉన్న ఊళ్లలో ఇంకా త్వరగా. పైకి ఏమీ తెలియదు. నాకు కోపం ఎక్కడంటే, అమ్మేటప్పుడు షాపులో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

పెద్దాయన రబ్బరు సోల్ వేసి చుట్టూ కుట్టారు. బరువు పెరిగింది, మొదటి వారం పాదం మొద్దుబారినట్టుండేది. కానీ మడమ నొప్పి తిరిగి రాలేదు. దాన్నిబట్టి నాకు అర్థమైంది, ఇన్నాళ్లూ నేను పొగిడిన మెత్తదనం కాదు నన్ను కాపాడింది. మడమ వెనక గట్టిగా పట్టుకునే ఆ కప్పు. ఇప్పటికీ వేలితో నొక్కితే లొంగదు. షూ కూడా వేళ్లు వంగే చోటే వంగుతుంది, నడిమిన మడతపడదు.

నా బరువు 80 కిలోలు, పాదం వెడల్పు. బీచ్ రోడ్డులో చదునుగా నడిచేవాళ్లకి, సన్నగా ఉన్నవాళ్లకి రబ్బరు గట్టిగా అనిపించొచ్చు. రోజూ వేసుకుని రెండేళ్లలో మార్చేసేవాళ్లకైతే పీయూ సోల్ బాగానే పనికొస్తుంది, ఆ హాయిని కాదనలేను. పండగకీ పెళ్లికీ అని దాచుకునే జతకి మాత్రం వద్దు. నేను ఈసారి సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వెళ్లి, సోల్ ఏమిటో ముందే అడిగి రెండో జత కొన్నాను. రెండింటినీ రోజు మార్చి రోజు వేస్తున్నాను. డబ్బాలో మాత్రం పెట్టడం లేదు.