అడుగు మూసిన గుంతా, రంధ్రమున్న గుంతా?
జీవకణాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడటానికి మైక్రోవెల్స్ అనే అతి చిన్న గుంతలు వాడతారు. ఒక్కో గుంతలో ఒక్క కణమే పడాలి. అడుగు మూసిన మైక్రోవెల్స్‌లో కణాలు తమ బరువుకే కిందికి దిగుతాయి; పంపు అక్కర్లేదు. కానీ ఎక్కడ ఏది పడుతుందో మన చేతిలో ఉండదు. సగటున గుంతకి ఒక కణం చొప్పున పోసినా, ఒంటరి కణం దక్కేది సుమారు 37 శాతం గుంతల్లోనే. మరో 37 శాతం ఖాళీ, మిగతావాటిలో రెండో మూడో ఇరుక్కుంటాయి.

అడుగున 5 మైక్రాన్ల రంధ్రం పెడితే కథ మారుతుంది. ద్రవాన్ని కిందికి లాగుతుంటే కణం వచ్చి రంధ్రానికి మూతలా కూర్చుంటుంది. అక్కడ ప్రవాహం దాదాపు ఆగిపోయి, తర్వాతి కణం పక్క గుంతకి పోతుంది. ఎంత అందమైన ఉపాయం! ఎర్ర రక్తకణాలైతే వంగి కిందికి జారిపోతాయి. కాకపోతే పీడనం ఎక్కువైతే మనక్కావలసిన మెత్తటి కణం కూడా నలిగి జారిపోవచ్చు. అరుదైన కణాల కోసమైతే నేను రంధ్రమున్నదే ఎంచుకుంటాను.