ఖోఖో పోటీల కోసం తిరుపతికి: ప్రయాణం, బస, భోజనం

తిరుపతి వెళ్తున్నామని చెప్పగానే దర్శనం టికెట్లు దొరికాయా అని అడగనివారు ఉండరు. మేము మాత్రం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగిన మహిళల ఖోఖో పోటీలు చూడడానికి వెళ్లాము. మా అమ్మాయి ఆడే జట్టు ఫిజికల్ డైరెక్టరు (పి.డి.) మేడం వెంట ముందే వెళ్లిపోయింది. మా అమ్మాయి తోటి క్రీడాకారిణి తల్లి సుజాతగారు, నేను గుంటూరు నుంచి వెనకాల బయలుదేరాము. మొక్కు ఏదీ లేకుండా, కేవలం ఆట కోసం ఆ ఊరికి వెళ్లేవారికి అక్కడి ఏర్పాట్లు ఎంతవరకు అనుకూలిస్తాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తిరుపతిలో గది అద్దె, ఆటో బేరం, హోటల్లో బల్ల దొరకడం, రైలులో బెర్తు దొరకడం, అన్నీ కొండ మీది రద్దీని బట్టే ఉంటాయి. మైదానానికి వెళ్లేవారైనా పంచాంగం చూసుకుని బయలుదేరవలసిందే. విశ్వవిద్యాలయాల మధ్య పోటీలు ఎక్కువగా దసరా తరువాత మొదలై సంక్రాంతి దాటేవరకు సాగుతాయి. తమిళనాడు నుంచి భక్తులు వెల్లువలా వచ్చే పెరటాసి శనివారాలు, కార్తీక మాసం, వైకుంఠ ఏకాదశి, కొత్త సంవత్సరం కూడా ఇంచుమించు ఆ నెలల్లోనే పడతాయి. పైగా చిత్తూరు, తిరుపతి ప్రాంతాలకు ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మంచి వర్షాలు కురుస్తాయి. 2021 నవంబరులో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులైన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కనుక మట్టి కోర్టుల మీద జరిగే పోటీలకు వెళ్లేటప్పుడు తిరుగు టికెట్టు ఒక రోజు అటూ ఇటూ జరిపినా ఇబ్బంది పడకుండా చూసుకోవడం మంచిది.

గుంటూరు నుంచి నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి తిరుపతిలో దిగవచ్చు కాబట్టి ఆ ప్రయాణం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. స్టేషన్ బయటికి రాగానే ఆటో అతను "అలిపిరికా సామీ?" అని పలకరించాడు. యూనివర్సిటీకి అన్నాము. "ఏ యూనివర్సిటీకి సామీ? ఎస్వీనా, పద్మావతా, వెటర్నరీనా, సంస్కృతమా?" అని అతను వరుసగా చదివాడు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. 1954లో ఏర్పడిన ఎస్వీ విశ్వవిద్యాలయం, 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వేద విశ్వవిద్యాలయం అన్నీ ఊరిని అంటిపెట్టుకునే ఉన్నాయి. ఐఐటీ, ఐసర్ మాత్రం దూరంగా ఏర్పేడు వైపు ఉన్నాయి. పోటీల కాగితంలో "తిరుపతి" అని మాత్రమే ఉంటే ఏ ప్రాంగణమో పి.డి.ని ముందే అడిగి తెలుసుకోవాలి. ఏర్పేడుకు, ఎస్వీకి మధ్య పొరపాటు పడితే ఉదయం మ్యాచ్ ఇక చూడనట్టే.

బస విషయంలోనే తిరుపతి యాత్రికులకు, యాత్రికులు కానివారికి ఉన్న తేడా బాగా తెలుస్తుంది. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, ఆర్టీసీ బస్టాండు ఎదురుగా శ్రీనివాసం ఉన్నాయి. రెండూ టీటీడీవి, శుభ్రమైనవి, అద్దె తక్కువ. అయితే అవి దర్శనానికి వచ్చే భక్తుల కోసం కట్టినవి, ఆన్‌లైన్ కోటా కూడా నెలల ముందే విడుదలై అయిపోతుంది. పోటీల తేదీలు మనకు తెలిసేది రెండు మూడు వారాల ముందు కనుక వాటి మీద ఆశ పెట్టుకోనక్కరలేదు. నా మట్టుకు నాకు, ఆట చూడడానికి వచ్చినవాళ్లం భక్తుల గది ఒకటి ఆక్రమించడం కూడా అంత సబబుగా తోచదు.

మొదటి రాత్రికి స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో దిగాము. పేరు అనవసరం. ఫోనులో ఇరవై నాలుగు గంటల లెక్క అని చెప్పినవారు, తీరా డబ్బు కట్టాక మధ్యాహ్నం పన్నెండుకల్లా ఖాళీ చేయాలన్నారు. "మగవాళ్లెవరూ రాలేదా అమ్మా?" అని కౌంటరు దగ్గర రెండుసార్లు అడిగారు. ఇద్దరి ఆధార్ కార్డులూ ముందు పెట్టిన తరువాత కూడా ఆ అనుమానం ఎందుకో అర్థం కాలేదు. గది బాగానే ఉంది. కానీ ఆ వీధి రాత్రి ఒంటిగంట దాటాక నిద్ర లేస్తుంది: సుమోలు వరుసగా వచ్చి ఆగడం, పిల్లల్ని పేరు పెట్టి పిలవడం, మెట్ల మీద బకెట్ల చప్పుడు, బయలుదేరేటప్పుడు అందరూ ఒక్కసారిగా "గోవిందా" అనడం. కొండకు వెళ్లేవారికి అది ఉత్సాహమే గానీ, పొద్దున ఎనిమిదికి మైదానంలో కూర్చోవలసినవారికి కళ్లు మండుతాయి. వేడినీళ్లు కూడా వాళ్ల వేళలకు తగినట్టే తెల్లవారుజామున వచ్చి, మనం లేచేసరికి ఆగిపోతాయి.

మరునాడు బాలాజీ కాలనీ వైపు మారాము. అక్కడి లాడ్జిలో గది చిన్నది, లిఫ్టు లేదు, అద్దె మాత్రం స్టేషన్ దగ్గరి కంటే కొంత ఎక్కువ. అయినా విశ్వవిద్యాలయానికి నడిచి వెళ్లగలగడం, వీధి రాత్రిపూట నిశ్శబ్దంగా ఉండడం, ఆ ప్రాంతమంతా చదువుకునే ఆడపిల్లల హాస్టళ్లతో, పుస్తకాల దుకాణాలతో నిండి ఉండడం వల్ల ఇద్దరు ఆడవాళ్లం వెళ్తే వింతగా చూసేవారు లేకపోవడం, ఇవన్నీ ఆ తేడాకు తగినవే అనిపించాయి. తల్లిదండ్రులు వెళ్తే ఆ వైపే దిగమని చెబుతాను. క్రీడాకారిణులకు బస నిర్వాహకులే ఏర్పాటు చేస్తారు. ఆడపిల్లల హాస్టలు గేటు దాటి తల్లులను కూడా లోపలికి రానివ్వరు. అది సరైన నియమమే. పిల్లల్ని కలవాలంటే మ్యాచ్ ముగిశాక మైదానంలోనే కలుసుకోవాలి.

ప్రాంగణం గురించి ఎంత చెప్పినా తక్కువే. శేషాచలం కొండల పాదాల దగ్గర దాదాపు వెయ్యి ఎకరాల్లో విస్తరించిన ఈ విశ్వవిద్యాలయంలో పెద్ద చెట్ల నీడన నడుస్తూ వెళ్తే, ఎటు తిరిగినా ఉత్తరాన ఎర్రటి కొండ చరియలు కనబడుతూనే ఉంటాయి. 2017 జనవరిలో 104వ జాతీయ సైన్సు కాంగ్రెస్ జరిగింది ఇక్కడే. దాని ప్రారంభ సభకు వేదికైన తారకరామ స్టేడియం ఊరివాళ్లకు ఉదయపు నడక స్థలం కూడా. మేము వెళ్లేసరికే ఒకవైపు పెద్దవాళ్లు నడుస్తున్నారు, మరోవైపు పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పరుగు తీస్తున్నారు, వాళ్ల మధ్య నుంచే సున్నం బస్తా భుజాన వేసుకుని ఒకతను కోర్టు గీతలు వేయడానికి పోతున్నాడు.

ఖోఖో చూడడం ఎలాగో కొందరికి తెలియదు కాబట్టి ఒక మాట చెప్పాలి. తరిమే జట్టులో ఎనిమిది మంది గీత మీద ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటే తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఎదుటి జట్టు నుంచి తప్పించుకునే రన్నర్లు ముగ్గురేసి లోపలికి వస్తారు. చాలామంది కోర్టు మధ్యలో కుర్చీ వేసుకుంటారు గానీ, చూడవలసిన చోటు గీత చివర ఉండే స్తంభం దగ్గర. తరిమే అమ్మాయి ఒక దిక్కున అడుగు వేశాక మధ్యలో వెనక్కి తిరగకూడదు, స్తంభం దాటితేనే దిశ మారుతుంది. అందుకే అసలైన ఎత్తులన్నీ అక్కడే జరుగుతాయి. మా జట్టు అమ్మాయి ఒకతె స్తంభాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, ఒళ్లంతా నేలకు సమాంతరంగా చాచి, వేళ్ల కొసలతో రన్నరు మడమను తాకింది. ఆ తరువాత లేచి చూసుకుంటే మోచేతి నుంచి మణికట్టు వరకు ఎర్రమట్టి అంటుకుని ఉంది, మట్టి కింద చర్మం గీరుకుపోయింది. నీళ్లు పోసుకుని మళ్లీ గీత మీద కూర్చుంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచ కప్‌లో మన మహిళల జట్టు, పురుషుల జట్టు రెండూ గెలిచాయి. మ్యాట్ మీద, జట్టుకు ఏడుగురితో ఆడిన ఆ ఆటను టీవీలో చూసినవారికి మట్టి మీది ఆట నెమ్మదిగా అనిపించవచ్చు. ఎదురుగా కూర్చుని చూస్తే మాత్రం అలా అనిపించదు. మట్టిలో పాదం ఎక్కడ జారుతుందో లెక్క వేసుకుంటూ పరుగెత్తడం వేరే విద్య.

ఏ ఊళ్లోనైనా ఖోఖో కోర్టుల పక్కన నీడ ఉండదు. గొడుగు, టోపీ, కింద పరచుకోవడానికి దుప్పటి తీసుకెళ్లాలి. తిరుపతి ఎండ నవంబరులో కూడా పదకొండు దాటాక గుంటూరు ఎండకు తీసిపోదు.

భోజనం విషయంలో ఫిర్యాదు లేదు. ఉదయం ప్రాంగణం బయట బండి దగ్గర ఇడ్లీ, పొంగలి, ఎర్రకారం పూసిన దోశ దొరుకుతాయి. చట్నీ చెనిక్కాయలతో (వేరుశనగలతో) చేస్తారు, అల్లం పచ్చడి కావాలంటే దొరకదు. మధ్యాహ్నం ఒక మెస్సులో రాగి సంగటి, ఊరుబిండి అనే చెనిక్కాయల పచ్చడి, పచ్చిపులుసు తిన్నాము. కారం మా వైపు ఉన్నంత లేదు గానీ ఊరుబిండికి ఆ సంగటి సరిగ్గా జత కుదిరింది. సుజాతగారు ముచ్చటపడి పిల్లలకూ సంగటి కట్టించుకుపోదామంటే పి.డి. మేడం చేతులు జోడించి, "మ్యాచ్ అయ్యాక పెట్టండి, ఇప్పుడు తింటే గీత మీదే నిద్రపోతారు" అన్నారు. స్టేషన్ ఎదుటి పెద్ద హోటళ్లలో శుభ్రత బాగున్నా, శని ఆదివారాల్లో బల్ల కోసం నిలబడవలసి వస్తుంది, వడ్డించేవారికి మన మీద దృష్టి నిలిపే తీరిక ఉండదు.

సెమీఫైనల్లో ఒక అమ్మాయికి చీలమండ మెలిక పడింది. సోడా దుకాణం నుంచి ఐసు తెచ్చి కట్టు కట్టారు గానీ, వాపు తగ్గకపోవడంతో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రుయా ప్రభుత్వాసుపత్రి, స్విమ్స్, ఎముకల చికిత్సకు పేరున్న బర్డ్ అన్నీ అలిపిరి మార్గంలో దగ్గర దగ్గరగా ఉండడం ఈ ఊరికున్న గొప్ప సౌకర్యం. ఎముక విరగలేదని ఎక్స్‌రేలో తేలింది. ఆడపిల్లల జట్లను పంపే కళాశాలలకు ఇది చిన్న విషయం కాదు.

దర్శనాన్ని మ్యాచ్‌ల మధ్య ఇరికించే ప్రయత్నం చేయవద్దని నా సలహా. క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, మ్యాచ్ వేళ ఎప్పుడు ముందుకు జరుగుతుందో నిర్వాహకులూ చెప్పలేరు. ఖాళీ దొరికిన సాయంత్రం కపిలతీర్థానికి వెళ్లడం మేలు. వానలు పడ్డ రోజుల్లో కొండ మీది నుంచి దూకే నీటిధార కోనేటిలోనే పడుతుంది. ఒక పూట దొరికితే మదనపల్లె రోడ్డులో శ్రీనివాసమంగాపురం, ఆ పైన విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటైన చంద్రగిరి కోట చూడవచ్చు. రాజమహల్లోని మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు తప్పించుకుని వెళ్లాలి. పిల్లలకు ఆట ముగిశాక అక్కడి పచ్చికలో కాళ్లు చాపుకుని కూర్చోవడమే ఎక్కువగా నచ్చింది.

తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి పెట్టుకుంటే తిరుపతి నుంచి బయలుదేరే రైళ్లలో చోటు దొరకడం కష్టం. దానికి ఉపాయం నెల్లూరు. తిరుపతి బస్టాండు నుంచి నెల్లూరుకు ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి, అక్కడ చెన్నై-విజయవాడ మార్గంలో వెళ్లే రైళ్లు చాలా ఆగుతాయి. మేము అలాగే మధ్యాహ్నం బస్సెక్కి, నెల్లూరులో టీ తాగి, జనరల్ టికెట్టు మీద తెనాలి వరకు కూర్చునే వచ్చాము.