టైనీసీబోర్, మూడు యాసంగుల తర్వాత: 51 బైట్లలో చేను కబురు

వరంగల్ చుట్టుపక్కల పత్తి, మిర్చి చేన్లలో నేల తేమ కొలిచే లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) నోడ్ల మీద మూడు యాసంగులుగా టైనీసీబోర్ నడుస్తోంది. కొలతలను సీబోర్ అనే పొట్టి బైనరీ రూపంలోకి మార్చే లైబ్రరీ ఇది. నోడ్‌లో ఎస్టీఎం32ఎఫ్103 చిప్, 20 కేబీ ర్యామ్. గేట్‌వే (నోడ్ల కబురు అందుకునే రేడియో కేంద్రం) దూరమైతే నోడ్ ఎస్ఎఫ్12 అనే అతి నెమ్మది వేగం మీదికి పోతుంది. మన 865–867 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఆ వేగం దగ్గర లోరావాన్ (లోరా నెట్‌వర్క్ నియమాలు) మనకు వదిలేది ప్యాకెట్‌కు 51 బైట్లే. అక్కడ అంతా అక్షరాల్లో రాసే జేసన్ పంపితే బ్యాటరీని చేతులారా పారబోసుకున్నట్టే.

సీబోర్ ప్రమాణం 2013లో ఆర్ఎఫ్‌సీ 7049గా వచ్చింది, 2020 డిసెంబర్‌లో దాని స్థానాన్ని 8949 తీసుకుంది. బైట్ల రూపం మారలేదు కాబట్టి పాత ప్యాకెట్లు ఇప్పటికీ చదవొచ్చు. టైనీసీబోర్ ఇంటెల్ విడుదల చేసిన సీ లైబ్రరీ, ఎంఐటీ లైసెన్స్. ఎన్‌కోడ్ చేసేటప్పుడు హీప్ (నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) జోలికి పోదు, మనమిచ్చిన బఫర్‌లోనే రాస్తుంది. నెలల తరబడి రీసెట్ లేకుండా చేన్లో ఉండాల్సిన పరికరానికి ఇంతకన్నా పెద్ద సుగుణం లేదు.

అయితే బైట్లు మిగిలేది లైబ్రరీ వల్ల కాదు, కీలు (ప్రతి విలువకు పెట్టే పేర్లు) ఎంచుకునే తీరు వల్ల. నోడ్ నంబర్ 17, ఉష్ణోగ్రత 31.40, తేమ 38 శాతం, బ్యాటరీ 3624 మిల్లీవోల్టులు అనుకోండి. పొట్టి కీలతో రాసినా జేసన్‌లో 34 బైట్లు. అవే అక్షరాల కీలతో, 31.40ని 3140గా రాస్తే, సీబోర్‌లో 18. కీలను 0, 1, 2, 3 అంకెలుగా మారిస్తే 14. హెక్స్‌లో ఇలా ఉంటుంది:

ఏ4 · 00 11 · 01 19 0సి 44 · 02 18 26 · 03 19 0ఈ 28

ఏ4 అంటే నాలుగు కీ-విలువ జతల మూట, అదే మ్యాప్. 23 దాకా అంకె ఒక్క బైట్‌లో ఒదుగుతుంది, 255 దాకా రెండు, 65535 దాకా మూడు. అందుకే కీలు 23 దాటనివ్వొద్దు. మ్యాప్ తీసేసి కీలు లేని వరుస అర్రే పెడితే 10 బైట్లకే వస్తుంది కానీ, రేపు మధ్యలో ఒక సెన్సర్ కలిపితే పాత నోడ్ల లెక్క తప్పుతుంది. ఆ నాలుగు బైట్లకు కక్కుర్తి పడొద్దనే మా సలహా. ఉష్ణోగ్రతను వందతో గుణించి పూర్ణాంకంగా పంపండి: 3140కి మూడు బైట్లు చాలు, అదే డబుల్‌గా పెడితే తొమ్మిది.

తెలుగు పేర్లు పంపేవాళ్లు ఇది చూడాలి. పొడవు లెక్క అక్షరాల్లో కాదు, యూటీఎఫ్-8 బైట్లలో. 'కాజీపేట' 21 బైట్లు, ముందు రకం, పొడవు చెప్పే హెడర్ ఒకటి. 'ఎనుమాముల' సరిగ్గా 24 బైట్లు, ఒక్క బైట్ తేడాతో 23 దాటింది కాబట్టి హెడర్ రెండు. మొత్తం 26, అంటే ప్యాకెట్‌లో సగం పైనే. ఊరి పేరు సర్వర్‌లో ఉంచి నోడ్ నంబర్ ఒక్కటే పంపాలి.

ఇక తిప్పలు. మ్యాప్‌లో కీ వెతికే ఫంక్షన్ అక్షరాల కీలనే వెతుకుతుంది. అంకెల కీలు పెట్టుకుంటే జత తర్వాత జత మనమే లూప్‌లో నడవాలి, తెలియని కీ వస్తే దాని విలువను కూడా దాటేయాలి. మ్యాప్‌కు నాలుగు జతలని చెప్పి సెన్సర్ పలకక మూడే రాస్తే, మూసేటప్పుడు 'టూ ఫ్యూ ఐటమ్స్' వస్తుంది. విలువ లేనిచోట నల్ పెట్టండి, ఒక్క బైటే. బఫర్ చాలకపోతే ఎన్‌కోడర్ ఎర్రర్ ఇస్తుంది కానీ లెక్కపెట్టడం ఆపదు. ఆ ఒక్క ఎర్రర్‌ను పట్టించుకోకుండా చివరిదాకా నడిపిస్తే ఇంకా ఎన్ని బైట్లు కావాలో చెబుతుంది.

రుణ సంఖ్యల దగ్గర మరీ జాగ్రత్త. సీబోర్ −97ని 96గా దాచి, రుణమన్న గుర్తు మొదటి బైట్‌లో పెడుతుంది. సిగ్నల్ బలం −97 డీబీఎం వచ్చినప్పుడు అన్‌సైన్డ్ ఫంక్షన్‌తో చదివితే డీబగ్ బిల్డ్ అసర్ట్ (తప్పు కనపడితే ఆపేసే తనిఖీ) దగ్గర ఆగుతుంది. రిలీజ్ బిల్డ్‌లో అసర్ట్‌లు ఉండవు, చడీచప్పుడు లేకుండా 96 చేతికొస్తుంది. డ్యాష్‌బోర్డ్‌లో సిగ్నల్ అకస్మాత్తుగా ధనాత్మకమైతే మొదట ఇక్కడే వెతకండి. రకం ఏదో చూశాకే విలువ తీయాలి.

నోడ్‌కు వచ్చిన ప్యాకెట్ (మోటార్ ఆదేశం లాంటిది) చదివే భాగమైన పార్సర్ ఏదీ కాపీ చేసుకోదు, మన బఫర్‌లోకే వేలు చూపిస్తుంది. రేడియో ఇంటరప్ట్ (ప్యాకెట్ రాగానే పని మధ్యలో దూరే కోడ్) అదే బఫర్‌లో కొత్త ప్యాకెట్ రాస్తే, సగం చదివిన ఆదేశం కాస్తా ఇంకో ఆదేశమవుతుంది, ఆపాల్సిన మోటార్ నడుస్తుంది. 51 బైట్ల రెండో బఫర్ పెట్టి, ఇంటరప్ట్ ఆపి దాంట్లోకి కాపీ చేసి, అక్కడ పార్స్ చేయండి.