ఎదుగుతున్నప్పుడే అమ్మాలా, స్థిరపడ్డాక అమ్మాలా?

సొంత సంస్థను అమ్మదలచిన యజమాని ముందు రెండు దారులుంటాయి: ఆర్డర్లు పెరుగుతున్న దశలోనే అమ్మడం, లేదా మరికొన్నేళ్లు ఆగి లాభాలు స్థిరపడ్డాక అమ్మడం. మొదటి దారిలో కొనుగోలుదారు రాబోయే వృద్ధికి కూడా కొంత ధర కడతాడు, ముందున్న ప్రమాదమూ అతనికే బదిలీ అవుతుంది. అయితే ఆ తరువాత విలువ ఎంత పెరిగినా పాత యజమానికి అందులో వాటా ఉండదు. రెండో దారిలో ధర పెరగవచ్చు గాని, అన్నాళ్లూ కుటుంబ ఆస్తి అంతా ఒకే వ్యాపారంలో చిక్కుకుని ఉంటుంది.

హైదరాబాదు టీకాల సంస్థ శాంతా బయోటెక్నిక్స్ ఉదంతంలో ఈ రెండు ముఖాలూ కనిపిస్తాయి. 1993లో మొదలైన ఈ సంస్థలో మెజారిటీ వాటాను ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ అలయన్స్ 2006లో తీసుకోగా, 2009లో ఫ్రాన్స్ మందుల సంస్థ సనోఫి, శాంతాకు సుమారు 55 కోట్ల యూరోల విలువ కట్టి దానిని చేజిక్కించుకుంది. 2006లోనే వాటాలు పూర్తిగా వదులుకున్నవారికి ఆ విలువలో భాగం దక్కలేదు. కాని 2010లో సంస్థ తయారుచేసే ఐదు వ్యాధుల మిశ్రమ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత జాబితాలో (ఐక్యరాజ్య సమితి సంస్థలు టీకాలు కొనేటప్పుడు చూసే జాబితా) స్థానం కోల్పోయినప్పుడు, ఆ దెబ్బ కొన్నవారి మీదే పడింది.

పన్ను కోసం ఏళ్ల తరబడి ఆగడంలో మాత్రం అర్థం లేదు: స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టు కాని షేర్లు చేతిలో ఉండి 24 నెలలు దాటితే చాలు, దీర్ఘకాలిక లాభంపై రేటు 2024 జూలై 23 నుంచి 12.5 శాతమే (సర్‌చార్జీ, సెస్సు వేరు). అమ్మకాల్లో సగం ఒకే ఖాతాదారు నుంచి వస్తుంటే, నా మాటగా, ఆగకపోవడమే మంచిది. పగ్గాలు అందుకునే వారసుడు సిద్ధంగా ఉన్న ఇంట మాత్రం తొందర అక్కర్లేదు.