మెడ విరిచాక ఫోన్ చేసి అడిగేదెవరు? అమలాపురంలో ఒక మెడ సర్దుబాటు సెంటర్ రివ్యూ

చేతిపనికి వంక పెట్టడానికి లేదు. కొబ్బరి దింపు, ఒలుపు పనివాళ్లు మెడ పట్టేసి వస్తే ముందు భుజాల కండరాలు వదులు చేస్తారు, మెడ ఎంతవరకు తిరుగుతోందో చూస్తారు, ఆ తర్వాతే టక్కుమనిపిస్తారు. సెలూన్లో ఒక్క ఊపున విరిచేయడం కంటే ఎంతో నయం. మేం మార్కులు కోసింది గోడమీది బోర్డుకి: ‘ఇంతవరకు ఒక్క కంప్లైంటూ లేదు.’

కంప్లైంట్ ఎలా వస్తుంది? వెన్నుపూస ధమని ఆరో మెడపూస నుంచి ఒక్కో పూస పక్కనున్న కన్నంలోంచి పైకెక్కి, మొదటి పూస మీద మెలిక తిరిగి తలలోకి వెళ్తుంది. మెడను వేగంగా మెలిపెట్టినప్పుడు దాని లోపలిపొర చీలితే, రక్తం గడ్డకట్టి స్ట్రోక్ రావడానికి గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. తూలుతున్న మనిషిని ఇంట్లోవాళ్లు కాకినాడో రాజమండ్రో తీసుకుపోతారు. అక్కడ కేసు షీట్లో బీపీ, షుగర్, సిగరెట్ రాసుకుంటారు. ‘ఈ మధ్య మెడ విరిపించుకున్నారా’ అని ఎవరూ అడక్కపోతే అంతే సంగతులు. సెంటరుకి తెలిసేది ఆ మనిషి మళ్లీ రాలేదని మాత్రమే.

2001లో అచ్చయిన ఒక సర్వేలో బ్రిటన్ న్యూరాలజిస్టులు (నరాల డాక్టర్లు) మెడ విరుపు తర్వాత స్ట్రోక్‌తో సహా నరాల సమస్యలొచ్చిన 35 కేసులు ఏడాదిలో చూశామని చెప్పారు. వాటిలో ఒక్కటీ అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు. అందుకే ప్రమాదం అంచనాలు 20 వేలకొకటి దగ్గర్నుంచి 58 లక్షలకొకటి దాకా ఊగుతాయి. ప్రతి కేసూ విరుపు వల్లే అనీ అనలేం. అప్పటికే చీలిన ధమని నొప్పితోనే మనిషి వచ్చి ఉండొచ్చని 2008 నాటి ఒంటారియో అధ్యయనం ఎత్తి చూపింది. ఏది నిజమో తేలాలన్నా రాసిపెట్టాల్సిందే. మందు వికటిస్తే తెలపడానికి ఫార్మకోవిజిలెన్స్ కేంద్రాలున్నాయి, మెడ విరుపు ఆ లెక్కలోకి రాదు.

సంతకం కాగితంలో ‘ఒకటి రెండు రోజులు నొప్పి ఉండొచ్చు’ అని ఉంది, స్ట్రోక్ మాటే లేదు. రిజిస్టరులో పేరు, ఫోను, ఫీజు. ఏ పూస దగ్గర, ఏ పక్కకి తిప్పారో కూడా రాయాలి. మర్నాడు, వారానికి, నెలకి ఫోన్ చేసి తూలుడు, రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం ఉన్నాయా అని అడగాలి. ఉంటే వెంటనే 108, విరిపించుకున్న తేదీ డాక్టరుకి చెప్పాలి. రోజుకి ఎన్ని మెడలు తిప్పారో ఆ లెక్కా ఉండాలి, అది లేకుండా ‘అరుదు’ అనడానికి ఆధారమే లేదు.

చేతిపనికి ఐదుకి 4, నమోదుకి 1. ఎప్పుడూ లేని తీరులో తలవెనక నొప్పితో కలిసి మెడనొప్పి మొదలైతే మాత్రం ఇక్కడే కాదు, ఎక్కడా మెడ తిప్పించుకోవద్దు. ముందు డాక్టరుకి చూపించుకోండి.