బైక్‌కు అలంకార వెలుగు: ఎల్ఈడీ స్ట్రిప్పా, పాడ్ లైటా?

స్ట్రిప్ అంటే చిన్న ఎల్ఈడీ బల్బులు వరుసగా ఉండే, జిగురుతో అతికించే పట్టీ; పాడ్ అంటే గట్టి డబ్బాలో అమర్చిన చిన్న లైటు. తక్కువ ఖర్చు విషయంలో స్ట్రిప్‌దే పైచేయి. 12 వోల్టుల రకాన్ని సాధారణంగా మూడేసి బల్బులకు ఒకటి చొప్పున ఉండే గుర్తు దగ్గర కత్తిరించి, ట్యాంకు కింది వంపులోనూ అతికించవచ్చు. పాడ్‌కు ధర ఎక్కువ, క్లాంపు బిగించే శ్రమ కూడా ఎక్కువే.

అయితే స్ట్రిప్‌కు అసలు శత్రువు నీరు. కత్తిరించిన చివరను సిలికాన్‌తో మూయకపోతే తేమ లోపలికి పాకి, రాగి పచ్చబడి, మూడేసి బల్బులు ఒక్కసారిగా ఆరిపోతాయి. నా బండికి తొలి వానాకాలంలోనే ఈ గతి పట్టింది. ఇంజను వేడికి జిగురు కూడా వదిలేస్తుంది. గట్టిగా సీలు చేసిన పాడ్‌కు ఈ బెడదలు తక్కువ.

కనెక్షన్ మాత్రం రెండింటికీ తాళం తీస్తే ఆగిపోయే లైను నుంచి, ఫ్యూజు మీదుగానే ఇవ్వాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే, ఆపడం మరచిన రాత్రి బ్యాటరీ దిగిపోతుంది.

వేడికి దూరంగా సన్నని వెలుగు గీత కావాలంటే స్ట్రిప్. రోజూ వానలో, బురదలో తిరిగే బండికి పాడ్.